కుక్క ఉన్నవారికి మాత్రమే

జూన్ 3

ఈ పుస్తకం అమ్మాయి ఇచ్చింది. నోరు తెరిచి చెప్పవు కదా, కనీసం రాసుకో నాన్నా అంది. ఏం రాయాలో తెలియడం లేదు. నేను చదివింది ఊళ్ళో బడి వరకే. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను.

నిన్న అపార్ట్‌మెంటు వాళ్ళు మీటింగు పెట్టారు. కుక్కలు లిఫ్టు ఎక్కకూడదట, మెట్ల మీద నడవకూడదట. మరి ఐదో అంతస్తు నుంచి ఎగిరి దిగాలా అని అల్లుడు అడిగాడట. అందరూ నవ్వారట. నవ్వడం అయ్యాక చేతులెత్తారట. నెలాఖరుకు నా కుక్క చుక్క ఇక్కడ ఉండకూడదు.

అల్లుడు మంచివాడు. "నా స్నేహితుడికి తోట ఉంది మామయ్యా, అక్కడ హాయిగా ఉంటుంది" అన్నాడు. నేను తలూపాను. సరే అన్నట్టు అనుకున్నారు.

చుక్కకు కుడికన్ను పొర కమ్మింది. వెనక కాలు ఈడుస్తుంది. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి నా మంచం కిందే పడుకుంటుంది. తోటలో దాన్ని ఎవరు చూస్తారు.

అది లేకుండా నేను ఉండలేను. ఈ మాట పైకి అనలేదు. ఇక్కడ రాశాను.

జూన్ 4

వేరే ఇల్లు చూసుకుంటానని చెప్పాను. "నేను కావాలా కుక్క కావాలా అంటే నువ్వు కుక్కే అంటావన్నమాట" అంది అమ్మాయి. కోపంగా కాదు. కొంచెం కోపంగానే.

జూన్ 9

బ్రోకరుతో తిరిగాను. "తాతగారూ, కుక్క మాట మీరెత్తకండి. సామాన్లతో పాటు దింపేద్దాం. తర్వాత ఎవడేం చేస్తాడు. మీరు నోరు విప్పకుండా ఉంటే చాలు" అన్నాడు. ఆ విషయంలో భయం లేదు అన్నాను. కానీ చుక్క నా పక్కనే నడిచి వస్తుంటే దాచేదేముంది.

మొదటి ఇంటాయన దాన్ని చూసి "మొరుగుతుందా?" అన్నాడు.

"లేదండీ, ముసలిది."

"మొరగని కుక్క ఎందుకండీ మరి?"

రెండో ఇంట్లో ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. "మీ ఇద్దరిలో ఎవరికేమైనా మేమేగా చూసుకోవాలి" అంది. మాట కఠినంగా ఉన్నా లెక్క సరిగ్గానే ఉంది.

జూన్ 12

దొరకలేదు.

జూన్ 13

దొరకలేదు. కాళ్ళు పీకుతున్నాయి. చుక్కను ఎత్తుకుని కొంతదూరం నడిచాను. పిల్లలు నవ్వారు.

జూన్ 17

బ్రోకరు ఫోను ఎత్తడం మానేశాడు. ఒక్కణ్ణే బయల్దేరాను. ఒక ప్రింటింగు ప్రెస్సు వెనక వీధిలో, గోడకు పచ్చగా నాచు పట్టిన రెండంతస్తుల ఇంటి గేటుకు అట్ట కట్టి ఉంది. చేత్తో రాసింది.

ఇల్లు అద్దెకు ఇవ్వబడును. కుక్క ఉన్నవారికి మాత్రమే.

పొరపాటు రాశారేమో అనుకున్నాను. 'కుక్క లేనివారికి' అని ఉండాలి. అక్కడే నిలబడి మళ్ళీ చదివాను. పైనుంచి ఒకావిడ మెట్లు దిగి వచ్చింది. సన్నగా ఉంది, తల పూర్తిగా నెరిసింది. నా వయసే ఉంటుంది.

"వచ్చావా అన్నయ్యా" అంది.

కొందరు అందరినీ అన్నయ్యా అనే పిలుస్తారు. తలూపాను.

"సింహం ఎంత చిక్కిపోయిందో" అంటూ చుక్క ముందు గొంతుక్కూర్చుంది. పరాయివాళ్ళు ముట్టుకుంటే గుర్రుమనే కుక్క, మెదలకుండా నిలబడింది.

అది ఆడదని, పేరు చుక్క అని చెప్పాల్సింది. ఇన్నాళ్ళకు ఒక తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దగ్గర నిలబడి పేరు కోసం పేచీ ఎందుకు అనిపించింది.

ఇల్లు దొరికింది.

జూన్ 21

చేరిపోయాం. కింది వాటా మాది. ముందు గది, వెనక గది, వంటిల్లు. అద్దె సంగతి అల్లుడు మాట్లాడాడు. అమ్మాయి బీరువాలు తుడిచి, కొళాయిలన్నీ తిప్పి చూసింది. ఇంటావిడ వచ్చి "అన్నయ్యకి ఎదురుగాలి పడదు, మంచం అటు తిప్పండి" అంది. ఆవిడ వెళ్ళాక అమ్మాయి నవ్వింది.

"ఆవిడ అన్నయ్యా అంటే నువ్వు ఊ కొడతావేంటి నాన్నా? ఆస్తిలో వాటా ఏమైనా ఉందా?"

"మర్యాదకి."

"నాతో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారైనా అంత గట్టిగా ఊ అన్నావా?"

ముందు గది గుమ్మం పక్కన గచ్చు ఒకచోట నున్నగా అరిగి గుంట పడింది. చుక్క వెళ్ళి తిన్నగా అందులోనే పడుకుంది. దానికి సరిగ్గా సరిపోయింది. చాలా కుక్కలు ఉండి ఉంటాయి. మంచిదే. కుక్కలు అలవాటున్న ఇల్లు.

జూన్ 26

హాయిగా ఉంది. చుక్క మధ్యాహ్నం పైమెట్ల సగం దాకా ఎక్కి కూర్చుంటుంది. పైకి చూసి తోక ఊపుతుంది. పైన తలుపు వేసే ఉంటుంది.

జూన్ 30

ఇంటావిడ ఒక కుర్చీ తెచ్చింది. "సీటు జారింది అన్నయ్యా, కాస్త చూడు." నేను కుర్చీలకు పేము అల్లేవాణ్ణని ఆవిడకు ఎవరు చెప్పారో. అల్లుడు చెప్పి ఉంటాడు.

చెయ్యి పనిలో పడితే ప్రాణం లేచొచ్చింది. పాత అల్లిక కోసే ముందు వేళ్ళతో తడిమి చూశాను. అలవాటు. జారిన సీటును తడిమితే అందులో కూర్చున్న మనిషి తెలుస్తాడు. బరువు ఎటు వేస్తాడో, ఏ చేతి మీద ఆనుకుని లేస్తాడో. ఇది భారీ మనిషిది. ఎడమ పక్కకు ఒరుగుతాడు. ఇంటావిడ నిండా పిడికెడు ఉండదు.

"పైన ఎవరుంటారమ్మా?"

"నేనొక్కదాన్నేగా."

జూలై 4

కుర్చీ అయింది. పేము నానబెట్టి బిగించి అల్లాను. వేలితో కొడితే డప్పులా మోగింది. ఆవిడ ఇంకోటి దింపింది. ఇందులో కూర్చునేవాడు సన్నటి మనిషి. లోపలికి జరగకుండా అంచున కూర్చుంటాడు. ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు. నేనూ అంతే కూర్చుంటాను.

జూలై 8

వీధి చివర ఇస్త్రీ అతను పలకరించాడు. "కొత్తగా దిగారా బాబాయ్? ఆ ఇంట్లో మీకు ముందు కూడా ఒకాయన ఉండేవాడు. మీలాగే మాట తక్కువ. ఆయనకీ కుక్క ఉండేది. ఆయనకు ముందు ఇంకొకాయన."

"ఎక్కడికెళ్ళారు?"

బొగ్గులు విసురుతూ ఆలోచించాడు. "రావడం చూశాను గానీ వెళ్ళడం చూళ్ళేదు బాబాయ్. సామాన్ల బండి వస్తే నా ముందు నుంచే పోవాలి మరి." తర్వాత నవ్వాడు. "మధ్యాహ్నం నేను ఓ కునుకు తీస్తాన్లెండి."

అదీ సంగతి. అతను నిద్రపోతున్నప్పుడు వెళ్ళి ఉంటారు.

జూలై 11

మొదటి కుర్చీ మళ్ళీ వచ్చింది. సీటు జారింది. ఎడమ పక్కకు. పేము మంచిది కాదు. కొట్టువాడు మోసం చేశాడు.

జూలై 13

ఇంటావిడ టీ తెచ్చింది. పంచదార లేదు. "నీకు తీపి పడదుగా" అంది. నేను పంచదార ఎక్కువ వేసుకుంటాను. పోనీలే అని తాగాను.

జూలై 16

ఆవిడ చొక్కాలు తెచ్చింది. బీరువాలో పడి ఉన్నాయట. ఉతికి, మడతపెట్టి ఉన్నాయి. భుజాల దగ్గర కాస్త వదులు. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని ఒకటి వేసుకున్నాను. మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసింది.

"ఎడమ మోకాలు ఎలా ఉంది అన్నయ్యా?"

నాకు నొప్పి కుడి మోకాలు. పర్లేదమ్మా అన్నాను.

జూలై 19

అమ్మాయి ఫోను చేసింది. ఆదివారం రమ్మంది. చుక్కను ఒక్కదాన్నే వదిలి ఎలా రాను అన్నాను. "ఆ చెల్లెమ్మ ఉందిగా, చూసుకోదా?" అంది. దెప్పుతోంది. నిజానికి చూసుకుంటుంది. అదే నాకు ఇష్టం లేదు.

జూలై 20

పేరు పెట్టి పిలిస్తే చుక్క తల ఎత్తలేదు. పైనుంచి ఆవిడ "సింహం" అనగానే లేచి వెళ్ళింది. కాలు ఈడ్చలేదు. మెట్లు గబగబా ఎక్కింది.

ఆవిడ దగ్గర బిస్కెట్లు ఉంటాయి. బిస్కెట్ కోసం ఎవరైనా వెళ్తారు. నేను మాత్రం ఇక్కడికి దేనికి వచ్చాను.

జూలై 23

చెప్పేయాలి. అమ్మా, నేను మీ అన్నయ్యను కాను. ఇది సింహం కాదు, చుక్క. ఇంతే. చిన్న మాటలు. అద్దం ముందు అని చూశాను. పొద్దుటి నుంచి నాలుగైదు సార్లు అన్నాను. బాగానే వస్తోంది.

జూలై 24

వెళ్ళలేదు. వాన.

జూలై 25

వెళ్ళాను.

మధ్యాహ్నం, మంచి వెలుతురు. తలుపు తీసే ఉంది. పైన ఒకటే పొడవాటి గది. అందులో కుర్చీలన్నీ వరసగా, కిటికీకి ఎదురుగా వేసి ఉన్నాయి. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. ఇంకేమీ లేవు. మంచం లేదు. ఆవిడ ఎక్కడ పడుకుంటుందో తెలియదు. వరసలో చివర ఒక చట్రం ఉంది. దానికి అల్లిక లేదు.

చుక్క ఆ కుర్చీల మధ్య పడుకుని ఉంది. ఎవరి కాళ్ళ దగ్గరో పడుకున్నట్టు.

"చెప్పు అన్నయ్యా" అంది ఆవిడ, కిటికీ దగ్గర నిలబడి.

"అమ్మా, నేను..."

"ఊ."

"నేను మీ..."

ఆవిడ నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. సౌమ్యంగా ఉంది, జ్వరం వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఉన్నట్టు.

"కింద ఉండేది మా అన్నయ్య, మా సింహం. ఇంకెవరికీ నేను ఇల్లివ్వను. కాదు అన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ మాట చెప్పి గేటు తీసుకుని వెళ్ళొచ్చు. కుక్కతోనే వెళ్ళొచ్చు. నేను ఆపను. ఎక్కడికి వెళ్తారు పాపం?"

కిటికీలోంచి వీధి చూశాను. మేం తిరిగిన గుమ్మాలన్నీ గుర్తొచ్చాయి. నెలాఖరు దాటింది. ఎక్కడికెళ్ళినా చుక్కకు చోటు లేదు.

"వాన వచ్చేట్టుంది, బట్టలు తీయమని చెప్దామని" అన్నాను.

"నువ్వు ఎప్పుడూ ఇంతే అన్నయ్యా" అంది. నవ్వింది. బయట ఎండ కాస్తోంది.

నా పక్కనున్న కుర్చీ కిర్రుమంది. ఎవరో సర్దుకుని కూర్చున్నప్పుడు పేము చేసే చప్పుడు. ఎండకు ఆరితే కూడా చేస్తుంది.

జూలై 29

ఎడమ మోకాలు నొప్పి. వానలకు.

ఆగస్టు 2

పంచదార లేని టీయే బాగుంది. ఇన్నేళ్ళూ తీపి ఎలా తాగానో.

ఆగస్టు 5

నా ఫోను ఆవిడ పైన ఛార్జింగుకు పెట్టింది. కింద ప్లగ్గులో మెరుపులు వస్తున్నాయని. మోగితే పిలుస్తానంది. మోగడం లేదు కాబోలు.

ఆగస్టు 9

ఆ అల్లిక లేని చట్రం దింపింది. "దీనికి తొందరేం లేదు, నీకు కుదిరినప్పుడు చెయ్యి" అంది. మంచి టేకు. నీళ్ళలో పేము నానేశాను.

ఆగస్టు 12

చుక్క, అంటే సింహం, బాగా పరుగెడుతోంది. కంటి పొర కూడా పల్చబడినట్టుంది. దాని ఆరోగ్యం కోసమే కదా ఇదంతా. మంచి ఇల్లు దొరికింది.

ఆగస్టు 13

మంచి ఇల్లు దొరికింది. ఇలాంటిది దొరకదు.

ఆగస్టు 18

ఇస్త్రీ అతను "ఏం బాబాయ్, బొత్తిగా కనబడ్డం మానేశారు" అన్నాడు. ఎవరితో అంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను.

నా పేరు అడిగితే చెప్పగలను. ఎవరూ అడగలేదు.

ఆదివారం

చెల్లెలు చిన్నప్పటి సంగతులు చెప్పింది. బావిలో చేద జారవిడిచింది తనట, దెబ్బలు తిన్నది నేనట. వింటుంటే వీపు చురుక్కుమంది. బావి గిలక చప్పుడు కూడా గుర్తొచ్చింది. మా ఇంట్లో బావి ఉన్నట్టు ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయానో.

తెలియదు

కుర్చీ సగం అల్లాను. కూర్చుని చూశాను. అంచునే కూర్చున్నాను. చెల్లెలు "కాస్త లోపలికి జరుగు అన్నయ్యా, నిన్నెవరూ లేవమనరు" అంది. జరిగాను. బాగుంది.

తెలియదు

ఈ పుస్తకం మొదట్లో ఎవరో ఏదో రాసుకున్నారు. అపార్ట్‌మెంటు, మీటింగు. చేతిరాత నాలాగే ఉంది. పరాయివాళ్ళది చదవకూడదని తిప్పేశాను. మిగతా పేజీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి నేను వాడుకుంటున్నాను.

శుక్రవారం

ఈరోజు ఒకావిడ వచ్చింది. దానికి ముందు పొద్దున ఏం చేశానో గుర్తు లేదు. కుర్చీ పని అయిపోవచ్చింది, ముడి వేయడమే తరువాయి. గేటు చప్పుడైంది.

చిన్న వయసే. చేతిలో హెల్మెట్టు. చెమట పట్టి ఉంది. లోపలికి వస్తూనే గడగడా మాట్లాడింది.

"ఎన్నిసార్లు ఫోను చెయ్యాలి నాన్నా? స్విచ్చాఫ్, స్విచ్చాఫ్. రెండుసార్లు వస్తే పైనుంచి ఆవిడేమో నువ్వు పడుకున్నావంటుంది. ఈ చొక్కా ఎవరిది? సరే అవన్నీ తర్వాత. ఇల్లు దొరికింది. మా వీధిలోనే, మాకు నాలుగు గుమ్మాల అవతల. కుక్క ఉందంటే, ఉంటే ఏమైందమ్మా మాకూ ఉండేది అన్నాడు ఇంటాయన. నేను నమ్మలేక మళ్ళీ అడిగాను. ఇంకేం, సామాను సర్దు."

చాలా సంతోషంగా ఉంది. చూస్తుంటే నాకూ సంతోషం వేసింది.

"మంచిదమ్మా" అన్నాను. "ఈ రోజుల్లో ఇల్లు దొరకడం కష్టమే."

ఆమె ఆగిపోయింది. "తమాషాకా నాన్నా?"

పొరబడింది, పాపం. నాన్న కోసం వెతుకుతున్నట్టుంది. కాదని చెప్పాలి. ఎలా చెప్పాలో తోచలేదు. అంత ఆశగా చూస్తుంటే ముఖం మీద కాదనడం నా వల్ల కాదు. ఊ అన్నాను. ఊ అంటే ఇంకా ఎక్కువ భయపడింది. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు తడిమింది. "చేతులు నాన్నవే, అంటే నీవే" అని ఏదో అంది. ఏడుస్తోంది. కూర్చోమ్మా అని కొత్త కుర్చీ లాగాను. దాన్ని చూసి వెనక్కి జరిగింది.

"నేనెవర్ని నాన్నా? నా పేరు చెప్పు."

పేరు నోటి చివరి దాకా వచ్చినట్టే వచ్చింది. చెల్లెలు మెట్ల మీద నుంచి "ఎవరన్నయ్యా?" అంది. అంతే, ఎటో పోయింది.

"ఎవరో అమ్మా. ఇల్లు వెతుక్కుంటున్నారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. చెల్లెలి వైపు ఒకసారి చూసింది. తర్వాత నా ముందు నిలబడి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "నేను వెళ్ళి మా ఆయన్ని తీసుకొస్తాను. గంటలో వస్తాం. ఎక్కడికీ కదలకు. ఆ పైకి మాత్రం వెళ్ళకు. వింటున్నావా?"

వింటున్నాను అన్నాను. ఎక్కడికీ వెళ్ళే పని కూడా లేదు.

సింహం గుమ్మం పక్క గుంటలోంచి లేచింది. అప్పటిదాకా అక్కడ ఉన్నట్టే నాకు తెలియదు. కాలు ఈడుస్తూ వచ్చి ఆమె పాదాలు వాసన చూసింది. ఒళ్ళంతా ఊపుతూ, ఆడపిల్ల ఏడ్చినట్టు సన్నగా మూలిగింది. ఆమె వంగి దాని తల పట్టుకుని "చుక్కా, నువ్వయినా రావే" అంది. గేటు తెరిచింది. అది ఆమె వెంట వీధిలోకి నడిచింది.

"సింహం" అని పిలిచాను. పైనుంచి చెల్లెలూ పిలిచింది. బిస్కెట్ల డబ్బా కూడా ఆడించింది.

అది ఆగి వెనక్కి చూసింది. నన్ను చూడలేదు. నా వెనక మెట్లను చూసింది, ఒక్కో మెట్టూ, అక్కడ చాలామంది నిలబడి ఉన్నట్టు. తోక కాళ్ళ మధ్య దోపుకుంది. తర్వాత ఆమె బండి పక్కన, పడుతూ లేస్తూ, మలుపు తిరిగింది.

మా కుక్కను ఎక్కడికి తీసుకుపోతున్నావమ్మా అని అడగాల్సింది. గేటు దాకా వెళ్ళాను కూడా. పరాయి ఆడమనిషిని నడివీధిలో కేకేసి పిలవడం బాగుండదని ఊరుకున్నాను.